వెనకాడేవాళ్ళ లెక్క

మన వీధుల్లోకి కొత్త వస్తువు ఎలా అడుగుపెడుతుందో ఎప్పుడైనా గమనించారా? మన దేశంలో ప్రెషర్ కుక్కర్ల తయారీ 1959 ప్రాంతాల్లో మొదలైంది. అలాగని 1960 కల్లా ఇంటింటా కుక్కరు కూత పెట్టలేదు. వీధి మొత్తానికి ముందు ఒక్క ఇంట్లో కూసింది. ఆ కూత విని చుట్టుపక్కలవాళ్ళు హడలిపోయారు. ‘అమ్మో, పేలిపోతుందిట!’ అన్నారు. ఏళ్ళు గడిచినా అది పేలలేదు సరికదా, ఆ ఇంటావిడ పదిగంటలకల్లా వంట ముగించుకుని తీరిగ్గా పత్రిక చదువుకుంటూ కనిపించింది. అప్పుడు ఇంకో రెండిళ్ళవాళ్ళు కొన్నారు. ఆ తర్వాత చూస్తూ వుండగానే పదిళ్ళకి పాకింది. చివరికి ఎవరో ఒకరిద్దరు మిగిలారు. వాళ్ళని చూసి తక్కినవాళ్ళు ‘పాతకాలం మనిషి, ఎంత చెప్పినా వినదు’ అని మూతి తిప్పారు.

ఆ మిగిలిపోయిన ఇల్లాలి తరఫున ఒక్క మాట. ఆవిడ కట్టెలు పొలం నుంచి వూరికే వస్తాయి, కనక కుక్కరు వల్ల ఆదా అయ్యే డబ్బు తక్కువ. రబ్బరు రింగు సాగిపోతే కొత్తది తేవడానికి పట్నం వెళ్ళాలి. ఇంట్లో పదిహేనుమందికి వంట. అంత పెద్ద కుక్కరు కొనాలంటే రెండు నెలల పాల డబ్బులు పోతాయి. ఇవన్నీ ఆవిడ కాగితం మీద రాసుకోదు, నోటితోనూ చెప్పదు. ‘మాకెందుకులెండి’ అని వూరుకుంటుంది. దాన్నే మనం మూర్ఖత్వం అంటాం.

కొత్తదాన్ని పట్టుకోవడంలో వెనకబడ్డవాళ్ళు తెలివితక్కువవాళ్ళా, లేక లెక్క తెలిసినవాళ్ళా? వినడానికి ఇది ఇరుగుపొరుగు కబురులాగే వుంటుంది గానీ, దేశాల వ్యవసాయ విధానాలు, కోట్ల రూపాయల పథకాలు దీనికిచ్చే జవాబు మీదే నిలబడ్డాయి. కొత్త ఆవిష్కరణ ఎక్కడ పుడుతుంది, ఎవరికి ఎప్పుడు చేరుతుంది, దానివల్ల ఎవరికెంత లాభం అన్నవాటిని అభిప్రాయాలతో కాకుండా అంకెలతో తేల్చే శాఖ ఒకటి ఆర్థికశాస్త్రంలో వుంది. ఆ శాఖ మొదటి పెద్ద పాఠం నేర్చుకున్నది ఫ్యాక్టరీలో కాదు, మొక్కజొన్న చేలో.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికా మధ్యప్రాంతపు రాష్ట్రాల్లో మొక్కజొన్న కండెలకి అందాల పోటీలు జరిగేవి. హాస్యానికి అనడం లేదు, నిజంగానే జరిగేవి. రైతులు తమ చేలో మంచి కండెలు ఏరి తెచ్చి బల్లలమీద పేర్చేవారు. పండితులు వచ్చి కండె పొడుగు, గింజల వరసల తీరు, కొసదాకా గింజ నిండిందా లేదా చూసి మార్కులు వేసేవారు. మొదటి బహుమతి వచ్చిన కండె గింజల్ని విత్తనాలకోసం ఎగబడి కొనేవారు.

1904లో అయోవా రాష్ట్రంలో హెన్రీ వాలెస్ అనే 16 ఏళ్ళ కుర్రాడికి ఒక సందేహం వచ్చింది. అందంగా వున్న కండె ఎక్కువ పండుతుందని ఎవరు చూశారు? వాళ్ళ నాన్నా తాతా రైతుల పత్రిక నడిపేవాళ్ళు, కనక పోటీల న్యాయనిర్ణేత ఆ ఇంటికి తెలిసినవాడే. కుర్రాడు పోటీ కండెల్ని సంపాదించి, ఒక్కో కండె గింజల్ని ఒక్కో వరసలో విడివిడిగా నాటాడు. కోతలయ్యాక ఏ వరస ఎంత పండిందో తూచి రాసుకున్నాడు. తీరా చూస్తే అందానికీ దిగుబడికీ ఏ సంబంధమూ లేదు! మార్కులు రాని అనాకారి కండెలు కొన్ని బహుమతి కండెల్ని మించి పండాయి. పెళ్ళిచూపుల్లో రంగు చూసి మార్కులు వేసే మన పెద్దలకి ఈ కథ ఎవరైనా అప్పట్లోనే చెప్పివుంటే బాగుండేది.

ఆ కుర్రాడే పెద్దయ్యాక 1926లో సంకర విత్తనాల కంపెనీ పెట్టాడు. 1933లో అమెరికా వ్యవసాయశాఖ మంత్రి, 1941లో ఉపాధ్యక్షుడు అయ్యాడు. మధ్యలో 1925లో స్నెడెకర్ అనే గణాంకశాస్త్రజ్ఞుడితో కలిసి, ఒక విషయానికీ ఇంకో విషయానికీ సంబంధం ఎంత వుందో లెక్కకట్టే పద్ధతిమీద చిన్న పుస్తకం కూడా రాశాడు. కండెల్ని తూచిన చెయ్యి అంకెల్ని వదలలేదన్నమాట.

ఇంతకీ సంకర విత్తనం అంటే ఏమిటి? మొక్కజొన్న మొక్కకి మగపూత తలమీద కుచ్చులా వస్తుంది, ఆడపూత నడుము దగ్గర పీచులా వేలాడుతుంది. గాలి వీస్తే ఏ మొక్క పుప్పొడి ఏ మొక్క పీచు మీద పడుతుందో ఎవరికీ తెలియదు. 1908లో జార్జి షల్ అనే శాస్త్రజ్ఞుడు ఒక వింత బయటపెట్టాడు. ఒక మొక్క పుప్పొడి దాని పీచుకే తగిలేలా కట్టడి చేస్తూ కొన్ని తరాలు పెంచితే మొక్కలు గిడసబారి నీరసించిపోతాయి. కానీ అలా నీరసించిన రెండు వేరువేరు వంశాలకి పెళ్ళి చేస్తే పుట్టిన పిల్ల ఆ ఇద్దరికంటే, వాళ్ళ తాతలకంటే కూడా బలంగా పెరుగుతుంది!

బాగానే వుంది గానీ, నీరసపు తల్లి కాసే గింజలు ఎన్ని? విత్తనం ఖరీదు ఆకాశాన్నంటింది. 1918లో డొనాల్డ్ జోన్స్ అనే ఆయన దానికి మార్గం చెప్పాడు. రెండు జంటల పిల్లలకి మళ్ళీ పెళ్ళి చేశాడు. అంటే ఇద్దరు తాతలు, ఒక అమ్మమ్మ, ఒక నాయనమ్మ, నలుగురూ నాలుగు వేరువేరు వంశాలవాళ్ళు. ఈసారి తల్లి బలమైంది కనక గింజలు దండిగా కాసింది, విత్తనం ధర రైతుకి అందుబాటులోకి వచ్చింది.

అయితే ఇందులో ఒక మెలిక వుంది. ఈ విత్తనం వేసి పండించిన గింజల్ని దాచుకుని వచ్చే ఏడు మళ్ళీ వేస్తే ఆ బలం వుండదు. ఏటా కొత్తగా కొనాల్సిందే. కుండలో బూడిదా వేపాకూ కలిపి మళ్ళీ తొలకరిదాకా విత్తనం కాపాడిన ఇల్లాళ్ళున్న దేశం మనది. ఇంట్లో వుండే వస్తువుని ఏటా అంగట్లో కొనడమంటే ఎంత పెద్ద మార్పో మనకి వేరే చెప్పక్కర్లేదు. అమెరికా రైతుకీ అంతే. దిగుబడి సుమారు 15, 20 శాతం పెరుగుతుందన్నారు, నిజమే. కానీ డబ్బు ముందు పెట్టాలి, పంట తర్వాత వస్తుంది.

మరి రైతులు ఏం చేశారు? అయోవాలోని రెండు గ్రామప్రాంతాల్లో 259 మంది రైతుల్ని ఇద్దరు సామాజికశాస్త్రజ్ఞులు, బ్రైస్ రయన్, నీల్ గ్రాస్ అనేవారు, ప్రశ్నలు వేసి రాసుకున్నారు. వాళ్ళ వ్యాసం 1943లో అచ్చయింది. 1928కీ 1941కీ మధ్య ఇద్దరు తప్ప అందరూ కొత్త విత్తనానికి మారారు. కానీ విన్న మర్నాడే ఎవరూ మారలేదు. ముందు ఒక చెక్కలో వేసి చూశారు. మరుసటి ఏడు మరికాస్త పెంచారు. విత్తనం సంగతి మొదట చెప్పింది కంపెనీ ఏజెంటే అయినా, మనసు గట్టిపడేలా చేసింది మటుకు పక్కపొలం రైతు. కుక్కరు కథే కదూ!

ఇంతవరకూ ఏం జరిగిందో తెలిసింది. ఎందుకు జరిగిందో, ఒకచోట ముందూ ఇంకోచోట వెనకా ఎందుకు జరిగిందో తేల్చడానికి ఇంకొకాయన రావాల్సి వచ్చింది. ఆయన కథ విత్తనం కథకంటే విచిత్రమైంది.

జ్వి గ్రిలికెస్ 1930లో లిథువేనియా దేశంలోని కౌనస్ పట్నంలో యూదుల ఇంట పుట్టాడు. 1941లో నాజీలు వచ్చి ఆ కుటుంబాన్ని ముళ్ళకంచె పేటలో పెట్టారు. 1944లో దాహౌ నిర్బంధశిబిరానికి తరలించారు. 1945లో అమెరికన్ సైన్యం విడిపించేసరికి అతనికి 14 ఏళ్ళు. అప్పటికి తల్లీ లేదు, తండ్రీ లేడు. పాలస్తీనా వెళ్ళబోతే బ్రిటిషువాళ్ళు నెలల తరబడి సైప్రస్ దీవిలో ఆపేశారు. చివరికి అక్కడికి చేరి సమష్టి వ్యవసాయక్షేత్రంలో పనిచేశాడు. హైస్కూలు గడప తొక్కే అవకాశమే రాలేదు. ఇంగ్లీషు సొంతంగా నేర్చుకుని, పరీక్ష సొంతంగా రాసి ప్యాసయ్యాడు. 1951లో అమెరికాలో బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి వెళ్ళి వ్యవసాయ ఆర్థికశాస్త్రం చదివాడు. అక్కణ్ణుంచి షికాగో వెళ్ళి, పరిశోధనకి ఎంచుకున్నది ఈ మొక్కజొన్న విత్తనాన్నే. 1957లో అచ్చయిన ఆ వ్యాసం ఈనాటికీ ఈ శాఖలో మొదటి మెట్టు.

ఆయన చేసిన పని చెప్పుకోవడానికి తేలికే. ఏ ప్రాంతంలో ఏ ఏడు మొక్కజొన్న భూమిలో ఎంత శాతం సంకర విత్తనం పడిందో అమెరికా వ్యవసాయశాఖ ఏటా లెక్క వేస్తూ వచ్చింది. ఆయన ఆ అంకెల్ని ప్రాంతాలవారీగా విడదీసి గళ్ళ కాగితం మీద గీశాడు. ప్రతిచోటా ఒకే ఆకారం వచ్చింది. గీత ముందు నేలబారుగా పాకుతుంది, మధ్యలో పాము పడగెత్తినట్టు నిటారుగా లేస్తుంది, పైకి చేరాక మళ్ళీ అడ్డంగా సాగుతుంది. ముందు ఒకిల్లు, తర్వాత పదిళ్ళు, చివరికి మిగిలిన ఒకరిద్దరు. అదే గీత!

ఆ గీతని ఆయన మూడు ప్రశ్నలుగా విడగొట్టాడు. ఎప్పుడు మొదలైంది? ఎంత జోరుగా లేచింది? ఎక్కడ ఆగింది? కలిపి చూస్తే గందరగోళంగా వున్న విషయం విడగొట్టేసరికి మాట్లాడ్డం మొదలెట్టింది.

ముందుగా ఎప్పుడు మొదలైందన్న సంగతి. అయోవాలో 1930ల నడుమ అందుకున్న విత్తనం దక్షిణాన అలబామా రాష్ట్రానికి దాదాపు పదేళ్ళు ఆలస్యంగా వెళ్ళింది. అయోవాలో నాలుగైదేళ్ళలో పదోవంతు నుంచి తొమ్మిది వంతులకి ఎగబాకింది. దీన్ని చూసి ‘దక్షిణాదివాళ్ళు బద్ధకస్తులు, చదువులేనివాళ్ళు’ అని తేల్చేయడం చాలా సులువు. గ్రిలికెస్ ఆ సులువు దారి పట్టలేదు. అయోవా చలికీ మట్టికీ సరిపడే విత్తనం అలబామా ఎండకి పనికిరాదు. సంకరం అంటే ఒక విత్తనం కాదు, విత్తనాలు తయారుచేసే పద్ధతి. ఏ ప్రాంతానికి ఆ ప్రాంతపు విత్తనాన్ని మళ్ళీ మొదటినుంచీ తయారుచేసుకోవాలి. కంపెనీలు ముందుగా ఎక్కడికి వెళతాయి? చేనుపక్క చేను మొక్కజొన్నే వుండి, ఒక్క ఏజెంటు ఒక్క తిరుగులో పదిమందికి అమ్మగలిగిన చోటికి. అలబామా రైతు ఆలస్యం చేశాడనడం, అంగడే రాని వూళ్ళో ‘వీళ్ళు బేరం చెయ్యరు’ అన్నట్టుంటుంది. రబ్బరు రింగు దొరకని వూళ్ళో కుక్కరు కొనని ఇల్లాలు గుర్తుకొస్తోంది కదూ!

తర్వాత జోరు సంగతి. ఉదాహరణకి ఎకరానికి 40 బుషెళ్ళు పండే చోట 15 శాతం పెరిగితే 6 బుషెళ్ళు ఎక్కువ. 20 బుషెళ్ళే పండే చోట అదే 15 శాతం అంటే 3 బుషెళ్ళు. శాతం ఒకటే గానీ చేతికొచ్చేది సగం. విత్తనం ఖర్చు మాత్రం సగం కాదు. లాభం ఎక్కువున్నచోట గీత నిటారుగా లేచింది, తక్కువున్నచోట నిదానంగా సాగింది, కొన్నిచోట్ల కిందే ఆగిపోయింది. అంటే వెనకాడిన రైతు లెక్క రానివాడు కాదు. బలపం పట్టకుండా మనసులోనే కూడికలు తీసివేతలు చేసుకున్నవాడు.

మరుసటి ఏడు, 1958లో, ఇంకో ప్రశ్న వేసుకున్నాడు. ఈ విత్తనం కోసం ప్రభుత్వమూ కంపెనీలూ 1910 నుంచి పరిశోధనలకి డబ్బు పోశాయి కదా, అది గిట్టుబాటైందా? ఏళ్ళ తరబడి ఫలితం కనపడక పెట్టిన ఖర్చుకి వడ్డీ కూడా కలిపి లెక్క కట్టాడు. పెట్టిన ప్రతి డాలరుకీ సమాజానికి ఏటా కనీసం ఏడు డాలర్ల లాభం వస్తోందని తేలింది. పరిశోధన అనేది ప్రభుత్వం పెట్టే దండగ ఖర్చు అనేవాళ్ళ నోళ్ళు ఆ అంకె మూయించింది.

అయితే ఆ అంకెని పట్టుకుని ఎగరొద్దని ముందుగా హెచ్చరించింది కూడా ఆయనే. ఇది గెలిచిన పరిశోధన. నీళ్ళు పడ్డ ఒక్క బావిని చూపించి, బావులు తవ్వడం ఎంత లాభమో అని చెప్పకూడదు. ఎండిపోయిన గోతుల ఖర్చు కూడా కలపాలి. రాయలసీమలోనూ పాలమూరులోనూ బోరు వెంట బోరు వేసి అప్పులపాలైన కుటుంబాలకి ఈ మాటలోని నిజం బాగా తెలుసు. లెక్క తెలిసినవాడి గొప్ప అంకె చెప్పడంలో లేదు, ఆ అంకె ఎంతవరకు నమ్మాలో చెప్పడంలో వుంది.

ఇంకో కష్టం కూడా ఆ గీతల్లో కనపడలేదు. విత్తనచేలల్లో తల్లిమొక్కల మగపూతని మొక్కమొక్కకీ చేత్తో పీకాలి. ఆ శ్రమ తప్పించడానికి మగపూతలో పుప్పొడే రాని ఒక రకం తల్లిని కనిపెట్టారు. పని తేలికయింది కదా అని చూస్తుండగానే దేశమంతా ఆ ఒక్క తల్లి పిల్లలే నిండిపోయాయి. 1970లో ఆకుమాడు తెగులు వచ్చింది. సరిగ్గా ఆ వంశాన్నే పట్టుకుంది. అమెరికా మొక్కజొన్న పంటలో ఇంచుమించు 15 శాతం ఆ ఒక్క ఏడే పోయింది. ఇంటిల్లిపాదీ ఒకే పెట్టెలో నగలు దాచుకుంటే దొంగకి ఎంత సుఖమో, తెగులుకి అంత సుఖం.

గ్రిలికెస్‌కీ సామాజికశాస్త్రజ్ఞులకీ 1960 ప్రాంతాల్లో పెద్ద వాదమే నడిచింది. అంతా లాభమే అంటావేం, ఇరుగుపొరుగు ప్రభావం, మనిషి ధైర్యం, వయసు, చదువు వీటికి విలువ లేదా అని వాళ్ళు. లాభం పెద్దదైతే పిరికివాడు కూడా కదులుతాడని ఈయన. ఆలోచిస్తే రెండూ ఒక బండికి రెండు చక్రాలే. లాభం ఎంతో తెలిస్తేనే కదులుతాం, ఎంతో తెలిసేది పక్కింటివాళ్ళని చూసే.

గ్రిలికెస్ గురువు థియొడోర్ షుల్ట్జ్ ఇదే ఆలోచనని పేదదేశాల రైతు మీదికి మళ్ళించాడు. 1964లో ఆయన రాసిన పుస్తకానికి ఆధారాల్లో ఒకటి ఉత్తరప్రదేశ్‌లోని సేనాపూర్ అనే పల్లెటూరు. అక్కడి రైతులు తమ నేల, ఎద్దులు, నీరు వీటిని ఎలా సర్దుకుంటున్నారో ఇంకొక పరిశోధకుడు లెక్కలు తీసివుంచాడు. ఉన్నదాంట్లో ఇంతకంటే పొదుపుగా వాడడం ఎవరివల్లా కాదని ఆ లెక్కలు చెప్పాయి. వాళ్ళు పేదవాళ్ళే గానీ తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళకి కావలసింది ఉపన్యాసాలు కాదు, లాభం తెచ్చే కొత్త వస్తువు, దాన్ని వాడుకునే చదువు. షుల్ట్జ్‌కి 1979లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ పరంపరలో మన తెలుగునేల చదువు కూడా వుందని చాలామందికి తెలియదు. జి. ఎస్. మద్దాల 1933లో ఒక సామాన్య కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం, బొంబాయిలో స్టాటిస్టిక్స్ చదివి 1960లో షికాగో వెళ్ళారు. అక్కడ గ్రిలికెస్ దగ్గరే పరిశోధన చేసి 1963లో డాక్టరేటు తీసుకున్నారు. విషయం బొగ్గుగనుల్లో వచ్చిన సాంకేతిక మార్పు. ఆ తర్వాత వుక్కు తయారీలో వచ్చిన కొత్త పద్ధతి ఒక దేశాన్నుంచి ఇంకో దేశానికి ఎలా పాకిందో ఇంకొకరితో కలిసి లెక్కకట్టారు. 1983లో ఆయన రాసిన పుస్తకం ప్రపంచమంతటా పేరుపొందింది. ఔనా కాదా, కొన్నారా లేదా వంటి రెండే జవాబులుండే ప్రశ్నల్ని గణాంకాల్లో ఎలా పట్టుకోవాలో అది చెబుతుంది. బియ్యం ఎన్ని శేర్లు కొన్నారంటే అంకె వస్తుంది. కుక్కరు కొన్నారా అంటే ఔను, కాదు, అంతే. ఆ ‘కాదు’ వెనకాల దాగిన లెక్కని బయటికి లాగే పనిముట్లు ఆ పుస్తకంలో వున్నాయి. గురుశిష్యులిద్దరూ 1999లోనే, అయిదు నెలల తేడాతో కన్నుమూశారు.

సంకర మొక్కజొన్న మన దేశానికి ఎప్పుడొచ్చింది? గ్రిలికెస్ వ్యాసం అచ్చయిన 1957లోనే ఇక్కడ అఖిలభారత మొక్కజొన్న పరిశోధన పథకం మొదలైంది. 1961లో మొదటి సంకర రకాలు విడుదలయ్యాయి. వాటిలో ఒకదాని పేరు ‘దక్కన్’. తర్వాత హరితవిప్లవం వచ్చింది. కొత్త వరి, గోధుమ వచ్చాయి. దాంతోపాటు, ఎవరు ఎప్పుడు ఏది వేశారో లెక్కలు రాసుకునేవాళ్ళూ వచ్చారు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ సంస్థ 1975 నుంచి పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని రెండు పల్లెల్లో మనుషుల్ని కాపురం పెట్టించి, అవే కుటుంబాలని మూడు నాలుగు వారాలకోసారి పలకరించి ఏం విత్తారు, ఏం కొన్నారు, ఎంత కూలి ఇచ్చారు అని రాయించింది.

అంతకుముందే 1968 నుంచి 1971 దాకా ఢిల్లీలోని జాతీయ ఆర్థిక పరిశోధనా మండలి దేశంలోని కొన్ని వేల గ్రామీణ కుటుంబాల దగ్గరికి మూడేళ్ళపాటు వెళ్ళింది. ఆ కాగితాలు పాతికేళ్ళ తర్వాత ఫాస్టర్, రోజెన్‌జ్వీగ్ అనే ఇద్దరు ఆర్థికశాస్త్రజ్ఞుల చేతికి ఫలించాయి. 1995లో వాళ్ళు అచ్చువేసిన వ్యాసం చదివితే నవ్వొస్తుంది, ఎందుకంటే మనకి తెలిసిందే. కొత్త విత్తనంతో లాభం రావాలంటే దానికి నీరెప్పుడు, ఎరువెంత అన్నది నేర్చుకోవాలి. పక్కపొలాల్లో అనుభవం పెరిగినకొద్దీ మన పొలంలోనూ లాభం పెరుగుతుంది. కనక రైతులు కాస్త ఆగుతారు. ‘ముందు వాణ్ణి వెయ్యనీ, చూద్దాం’ అనుకుంటారు. మొదట వేసినవాడు పాఠం నేర్చుకోవడానికి రుసుము చెల్లిస్తాడు, తక్కినవాళ్ళు అరుగు మీద కూర్చుని వినేస్తారు. ఆ మొదటివాడికి ప్రభుత్వం కాస్త చేయూత ఇస్తే వూరంతా బాగుపడుతుందని ఈ లెక్క సారాంశం.

ఇదే లెక్కల మూటలోంచి ఇంకో విషయం బయటపడింది. అది మనవాళ్ళు ముఖ్యంగా వినాలి. హరితవిప్లవం వచ్చిన జిల్లాల్లో మగపిల్లల చదువు పెరిగింది. దానికి కారణం తెలుస్తూనే వుంది. కొత్త విత్తనంతో వ్యవసాయం చెయ్యాలంటే చదువుకున్నవాడికి లాభం ఎక్కువ. కానీ అక్కడ ఆడవాళ్ళ చదువు కూడా పెరిగింది. ఎందుకు? పొలంలో ఏ విత్తనం వెయ్యాలో తేల్చేది వాళ్ళు కారు. చదివినందుకు కూలీ పైసా పెరగదు. మరి పెద్దలు ఆడపిల్లని బడికి పంపడానికి, చదువుకున్న కోడలు కావాలనుకోవడానికి కారణమేమిటి?

బెర్మన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞుడూ, పైన చెప్పిన ఇద్దరూ, వశిష్ట అనే మన దేశపు పరిశోధకుడూ కలిసి 1999లో జవాబు చెప్పారు. సరిసమానంగా వున్న ఇళ్ళని తీసుకుని, అక్షరాలు వచ్చిన తల్లి పిల్లలూ రాని తల్లి పిల్లలూ ఇంట్లో పుస్తకం ముందు ఎంతసేపు కూర్చుంటున్నారో చూశారు. అక్షరాలు వచ్చిన తల్లి పిల్లలు రోజుకి ఇంచుమించు రెండు గంటలు ఎక్కువ కూర్చుంటున్నారు. తల్లి చదువు ఆమె కూలిలో కనపడలేదు, బిడ్డ చదువులో కనపడింది. చదువుకి విలువ పెరిగిన వూళ్ళో, ఇంట్లో చదువు చెప్పగల తల్లికి కూడా విలువ పెరిగింది. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళ నోటినుంచి ‘అమ్మాయికి చదవడం వచ్చా?’ అన్న ప్రశ్న వూరికే వూడిపడలేదన్నమాట.

ఆడపిల్ల చదువుని రేపటి కొడుకు చదువుతో తూచడం మనకి చివుక్కుమనిపించే మాటే. ఆమె చదువు ముందు ఆమెది. కాదనను. కానీ ఈ లెక్క చేసిన మేలు ఒకటుంది. పొయ్యిమీద ఎసరు పెట్టి, పక్కన పలక పట్టుకున్న పిల్లకి గుణింతం దిద్దించే తల్లి పనికి ఏ ఖాతాలోనూ జమ లేదు. జనాభా లెక్కలకి వచ్చిన ఉద్యోగి ‘మీరేం చేస్తుంటారమ్మా?’ అని అడిగితే ‘ఏమీ లేదు, ఇంట్లోనే’ అని జవాబు చెప్పడం మనకి అలవాటు. దేశంలో పంట ఎందుకు పెరిగింది, చదువు ఎందుకు పెరిగింది అని అంకెలు తిరగేస్తూ పోయిన వాళ్ళకి, విత్తనం, ఎరువు, ట్రాక్టరు, కాలువ అన్నీ లెక్క కట్టాక కూడా ఇంకా కొంత మిగిలిపోయింది. ఆ మిగిలినదాంట్లో ఒక వాటా, సాయంత్రం పూట బిడ్డ పక్కన కూర్చున్న ఆ రెండు గంటలది.